ప్యాడ్లు కొత్తవే అన్న మాట నమ్మి పాత కారు కొనకండి

పాత కారు చూడటానికి వెళ్లినప్పుడు అమ్మేవారు "ముందు బ్రేకు ప్యాడ్లు కొత్తగా వేయించాం" అంటే సంతోషపడకండి. ఎందుకు వేయించారు, తీసేసిన పాతవి ఎక్కడున్నాయి అని అడగండి. నేను ఆ రెండు ప్రశ్నలూ అడగలేదు. కొన్న రెండు నెలల్లోనే ప్యాడ్లు రెండుసార్లు, అవి నొక్కి పట్టే డిస్కులు (చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లేలు) ఒకసారి మార్పించాను. అసలు లోపం చక్రానికి బ్రేకు ఆయిల్ తీసుకెళ్లే ఒక జానెడు రబ్బరు గొట్టంలో ఉంది.

కొనే ముందు నడిపి చూశాను. నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగింది, అంతవరకే చూసుకున్నాను. బ్రేకు నొక్కగానే స్టీరింగ్ కొద్దిగా కుడికి, పెడల్ వదిలాక కాసేపు ఎడమకు లాగింది. రోడ్డు వాలేమో అనుకుని పట్టించుకోలేదు. అక్కడే పొరపాటు చేశాను. ఇలా రెండు వైపులకు లాగితే ఒక చక్రానికి బ్రేకు ఆలస్యంగా పడుతోందని, ఆలస్యంగా వదులుతోందని అనుమానించాలి.

మూడు వారాలు గడిచాక ముందువైపు ఎడమ చక్రం నుంచి కీచుమనే శబ్దం మొదలైంది. గ్యారేజీలో చక్రం విప్పకముందే డిస్కులు పాడయ్యాయన్నారు. రెండు వైపులా డిస్కులు, ప్యాడ్లు మార్చారు. పది రోజులు నిశ్శబ్దంగా ఉంది. తరువాత అదే శబ్దం, దానికి తోడు మాడు వాసన. మళ్లీ వెళితే ప్యాడ్ల నాణ్యత బాగాలేదంటూ ఇంకో జత వేశారు. తీసేసిన వాటిని నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

చివరికి మరో మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఆయన ఏ సామానూ విప్పలేదు. ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పావుగంట నడిపారు. చివర్లో బ్రేకు దాదాపు వాడకుండా బండిని దానంతట అదే నెమ్మదించి ఆగనిచ్చారు. దిగి చక్రాల దగ్గర అరచేయి పెట్టి చూడమన్నారు, ముట్టుకోవద్దన్నారు. కుడివైపు కాస్త గోరువెచ్చగా ఉంది. ఎడమవైపు పొయ్యి దగ్గర చేయి పెట్టినట్టు సెగ కొట్టింది. ముందు చక్రాలు వెనుకవాటికన్నా ఎక్కువ వేడెక్కడం మామూలే. కానీ ఒకే వరసలోని ఎడమ, కుడి చక్రాల మధ్య అంత తేడా ఉండకూడదు.

బండిని జాకీతో లేపి స్టాండు మీద నిలబెట్టారు. ఎడమ చక్రం చేత్తో తిప్పితే కదల్లేదు. అప్పుడు క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మీది బ్లీడర్ స్క్రూను, అంటే ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను, కొద్దిగా వదులు చేశారు. బ్రేకు ఆయిల్ చివ్వున చిమ్మింది, ఆ వెంటనే చక్రం తేలికగా తిరిగింది. ఈ ఒక్క పరీక్ష ఎవరైనా ముందే చేసి ఉంటే నాకు డిస్కుల ఖర్చు ఉండేది కాదు. స్క్రూ వదులు చేసినా చక్రం బిగుసుకునే ఉంటే క్యాలిపర్ పిస్టనో, క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులో తుప్పు పట్టి ఇరుక్కున్నాయని అర్థం. వదులు చేయగానే తిరిగితే ఒత్తిడి లోపల చిక్కుకుందని అర్థం, అంటే రబ్బరు గొట్టాన్నో, పెడల్ నొక్కితే అన్ని చక్రాలకూ ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌నో అనుమానించాలి. నాకు ఒక్క చక్రమే పట్టేసింది కాబట్టి గొట్టం మార్చారు. పాత గొట్టాన్ని నా ఎదుటే బ్లేడుతో కోశారు. పైన ఒక్క పగులు లేదు. లోపలి రబ్బరు మాత్రం ఉబ్బి, దారి సూది బెజ్జమంత అయిపోయింది. కాలితో నొక్కిన బలానికి ఆయిల్ దూరి వెళ్తోంది కానీ తిరిగి రావడానికి ఆ బలం ఉండదు.

ఎడమ ప్యాడ్లు రెండూ నున్నగా, అద్దంలా మెరుస్తున్నాయి. కుడివైపువి దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. పాత ప్యాడ్లు అడగమని నేను చెప్పేది ఇందుకే. ఒక వైపు జత మాత్రమే అరిగితే ఆ చక్రం పట్టేస్తోంది. ఒకే చక్రంలో లోపలిది అరిగి బయటిది మిగిలి ఉంటే స్లైడ్ పిన్నులు చూడాలి. కొత్త ప్యాడ్లు వేస్తే ఈ సాక్ష్యమంతా చెరిగిపోతుంది.

ప్రతి శబ్దానికీ భయపడనక్కరలేదు. రాత్రంతా తేమలో నిలిపిన బండి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమని ఆగిపోతే అది డిస్కు మీది పలుచని తుప్పు. బ్రేకు వేయకుండా నడుస్తుండగా చక్రంతో పాటు తిరిగినట్టు వచ్చే శబ్దాన్ని మాత్రం వదలకండి. ప్యాడ్ అరిగిందని చెప్పే లోహపు రేకు డిస్కును తాకుతూ ఉండవచ్చు, లేదా బ్రేకు పట్టేస్తూ ఉండవచ్చు.

పట్టేసిన బ్రేకుతో నడపడంలో ఖర్చుకన్నా పెద్ద ప్రమాదం ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు, తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ ఒక్కసారిగా లోపలికి పోతుంది. మాడు వాసన వస్తే దయచేసి ఇంటిదాకా నడపాలని చూడకండి, పక్కకు ఆపేయండి.

కొనే ముందు బయానా ఇవ్వకుండా పావుగంట నడపండి, దిగి నాలుగు చక్రాల సెగ పోల్చండి. ఎడమ, కుడి చక్రాల మధ్య తేడా కనిపిస్తే బ్లీడర్ స్క్రూ పరీక్ష మీ సొంత మెకానిక్‌తో చేయించండి. అందుకు అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.