లినక్స్ మింట్ 22.2: ఆరు నెలల వాడకంలో తెలిసివచ్చిన లోట్లు

నా ల్యాప్‌టాప్ 2017 నాటిది. అందులో ఉన్న ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ విండోస్ 11కు అధికారికంగా పనికిరాదు. ఎనిమిదో తరం మొదలుకొని, అదీ టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉన్న యంత్రాలకే అక్కడ ప్రవేశం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది భద్రతా నవీకరణలు అందే ఏర్పాటు ఉంది కానీ, అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదని తోచి, గత దసరా సెలవుల్లో లినక్స్ మింట్‌కు, అంటే విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకోగలిగే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు, మారాను. నేను హైదరాబాదు చిక్కడపల్లిలో ఉంటూ తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్ది, అచ్చుకు సిద్ధం చేసే పని చేస్తాను. కనుక ఈ సమీక్ష ఆటలాడేవారికో ప్రోగ్రాములు రాసేవారికో పెద్దగా పనికిరాకపోవచ్చు. రోజుకు ఎనిమిది గంటలు తెలుగు టైపు చేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

బాగున్న విషయాలను త్వరగా చెప్పేస్తాను. మింట్‌కు 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు చాలు; 4 జీబీ, 100 జీబీ ఉంటే హాయిగా నడుస్తుందని తయారీదారులే చెబుతారు. నా యంత్రంలో ఉన్న 8 జీబీకి అది తేలికగా పరుగెత్తుతోంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, వైఫై, శబ్దం, తెర వెలుతురు అన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరిన తరువాతే డిస్కులో వేసుకునే వీలుంది. మింట్ 22.2 ఉబుంటు అనే మరో లినక్స్ 24.04 రూపం పునాది మీద నిలిచింది, 2029 దాకా నవీకరణలు వస్తాయి. సినమన్ అనే దాని తెర అమరిక విండోస్ 7కు అలవాటుపడిన కంటికి కొత్తగా ఉండదు: ఎడమ మూల మెనూ, కింద పట్టీ, కుడి మూల గడియారం. పని మధ్యలో ఉండగా తనంతట తాను మూసుకుని నవీకరించుకునే అలవాటు దీనికి లేదు. ఇన్ని సుగుణాలున్నప్పుడు లోటు ఎక్కడని మొదటి వారం నేనూ అనుకున్నాను.

మొదటి లోటు యంత్రంలో కాదు, బజారులో కనిపించింది. పాత డిస్కు తీయించి కొత్త ఎస్ఎస్‌డీ వేయించడానికి సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గర ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి వెళ్లాను. బిగించిన కుర్రవాడు పనిమంతుడే. లినక్స్ వేసుకుంటానన్నాను. "దానికి మా దగ్గర చూసేటోళ్లు లేరు సార్, విండోసే ఎక్కించమంటారా?" అని మర్యాదగానే అడిగాడు. విండోస్ వాడినన్నాళ్లు ఈ నగరంలో ప్రతి వీధి చివరా ఒక వైద్యుడు ఉన్నట్టే ఉండేది. ఏ జిరాక్సు దుకాణంలో అడిగినా సగం జబ్బులు అక్కడే నయమయ్యేవి. ఇప్పుడు ఏది ఆగినా నేనే వెతుక్కోవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ హైదరాబాదులోనే ఉంది, తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసింది కూడా. అయినా రాత్రి పదింటికి ప్రింటరు మొరాయిస్తే పరుగెత్తుకు వెళ్లే దుకాణానికి ఏ సంస్థా సాటి రాదు.

కీబోర్డు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నాది ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక భారతీయ కీబోర్డు అమరిక అలవాటు. మింట్ కీబోర్డు అమరికల్లో భారతీయ లేఅవుట్ల కింద తెలుగు ఉంది, చేర్చుకుంటే చాలు. వేరే పద్ధతులవారు ఐబస్, ఎమ్17ఎన్ పొట్లాలు దించుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, పోతన అమరికలు దొరుకుతాయి. అయితే 2019 మే నవీకరణతో విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది కదా, ఇంగ్లిషు అక్షరాలు కొడుతుంటే తెలుగు మాటలను సూచించేది, దానికి అలవాటుపడిన యువ రచయితలు మింట్‌లో బెంగపెట్టుకుంటారు. ఇక్కడ అక్షరానికి అక్షరం మారుతుంది కానీ, మీరు ఏ మాట రాయబోతున్నారో ముందే ఊహించి వరసగా చూపించేవారు ఉండరు.

నన్ను బాధించింది మరొకటి. "హైదరాబాద్‌లో" అని రాయాలంటే ద్ తరువాత జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనిపించని గుర్తు పెట్టాలి. లేకపోతే దకారం కింద లకారపు ఒత్తు చేరి ఊరి పేరే వికృతమవుతుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, ల్యాప్‌టాప్, ఇలా నేటి తెలుగులో పేజీకి పది చోట్ల ఈ గుర్తు అవసరం. విండోస్‌లో దానికి అలవాటైన మీటల కలయిక ఇక్కడ పలకలేదు. మొదటి పది రోజులు కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి, 200సి అనే సంకేతం కొట్టి, స్పేస్ నొక్కి నెట్టుకొచ్చాను. ఒక్క అదృశ్య గుర్తుకు ఇన్ని మీటలు! తరువాత తెలిసింది: కీబోర్డు ఐచ్ఛికాలలో స్పేస్‌బార్ రెండో స్థాయికి ఈ గుర్తును కేటాయించే సదుపాయం ఉంది. దాన్ని ఎంచుకుంటే షిఫ్ట్‌తో స్పేస్ నొక్కగానే పని అయిపోతుంది. ఇది విండోస్‌లో కంటే సుఖం. కానీ తొందరలో షిఫ్ట్ వదలకుండానే మాటల మధ్య స్పేస్ కొట్టే చేయి నాది. ఆ తరువాత కొన్ని వారాలపాటు నా ప్రతుల్లో అక్కడక్కడా రెండు మాటలు అతుక్కుపోయి, మధ్యలో ఎవరికీ కనిపించని గుర్తు కూర్చునేది. వెతికితే మాట దొరికేది కాదు, ఎందుకు దొరకలేదో కంటికి ఆనేది కాదు.

అసలైన దెబ్బ ఫాంట్ల వల్ల తగిలింది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి మనం గౌతమిని, విండోస్ 7తో వాణిని, విండోస్ 8 నుంచి నిర్మల యూఐని చూస్తున్నాం. ఇవి మైక్రోసాఫ్ట్ వ్యవస్థతో వచ్చేవి; మింట్‌లో ఉండవు. ఇంగ్లిషు పత్రాలకు ఈ చిక్కు లేదు. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ స్థానంలో లిబరేషన్ ఫాంట్లు, కాలిబ్రీ స్థానంలో కార్లిటో అదే కొలతలతో తయారై ఉన్నాయి కనుక వరసలు ఎక్కడ తెగాలో అక్కడే తెగుతాయి. గౌతమికీ నిర్మలకూ అటువంటి జోడు లేదు. అక్షరం వెడల్పు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, తెలుగులో ఎత్తు కూడా ఉంది: పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద మరో ఒత్తు. ఒక్కో ఫాంటు రూపకర్త వీటికి ఒక్కో తీరుగా చోటు విడుస్తాడు. కనుక ఫాంటు మారితే వరస ఎత్తు మారుతుంది, వరస మారితే పేజీ మారుతుంది.

డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన పుస్తక ప్రదర్శనకు ఒక కథల సంపుటి సిద్ధం చేస్తున్నప్పటి మాట ఇది. రచయిత పంపిన వర్డ్ పత్రంలో తెలుగంతా నిర్మలలో ఉంది. మింట్‌లో తెరవగానే నిర్మల లేక అది తన దగ్గరున్న వేరే ఫాంటుతో సర్దుకుంది, నేను గమనించలేదు. దిద్ది, విషయసూచికలో పేజీ సంఖ్యలు వేసి, 208 పేజీలు, 13 ఫారాలు, కాగితం లెక్క కూడా చెప్పేశాను. మర్నాడు డీటీపీ చేసే తమ్ముడి ఫోను: "రెండొందల ఎనిమిదన్నరు గదన్నా, నా దగ్గర రెండొందల పదిహేడు చూపిస్తున్నది." ఫారానికి 16 పేజీలు చొప్పున లెక్కవేసేవారికి ఆ తొమ్మిది పేజీలు ఏమి చేస్తాయో వేరే చెప్పనక్కరలేదు. విషయసూచిక మొత్తం తిరగరాశాం. తప్పు నాదే, వ్యవస్థ మారినప్పుడు మొదట చూసుకోవలసింది ఫాంట్ల జాబితా.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది. దిద్దవలసిన ప్రతిని ఏ యంత్రంలోనైనా దొరికే ఫాంటులోకి మార్చి, వరసల మధ్య దూరాన్ని కచ్చితమైన పాయింట్లలో బిగించి, అటువైపు కూడా అదే ఫాంటు వేయించిన తరువాతే పేజీల మాట ఎత్తుతాను. ఈ విషయంలో మింట్ ఇచ్చిన ఊరట ఏమిటంటే, ఉబుంటుకు మూలమైన డెబియన్ అనే లినక్స్ భాండారంలో "తెలుగు విజయం" పేరుతో ఒక ఫాంట్ల పొట్లం ఉంది. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ, పొన్నాల వంటి ఫాంట్లన్నీ ఒక్క ఆదేశంతో దిగుతాయి. పోతన, వేమన ఫాంట్లు వేరే పొట్లంలో ఉన్నాయి. ఇవన్నీ విండోస్‌లోనూ ఉచితంగా వేసుకోగలిగినవే కనుక రెండు వైపులవారికీ ఉమ్మడి నేల దొరుకుతుంది. పుస్తకపు ప్రధాన పాఠానికి నేను మండలినే ఇష్టపడతాను. తెర మీద చదవడానికి మాత్రం నిర్మల అంత తేటగా ఉండే అక్షరం ఇక్కడ ఇంకా నా కంటికి దొరకలేదు.

వర్డ్, ఎక్సెల్ లేకపోవడం గురించి అందరూ అడుగుతారు. మైక్రోసాఫ్ట్ వాటిని లినక్స్‌కు ఇవ్వదు. బ్రౌజరులో వాడుకోవచ్చు, లేదా మింట్‌తో వచ్చే లిబ్రె ఆఫీస్ వాడుకోవాలి. నా అవసరానికి లిబ్రె ఆఫీస్ సరిపోయింది, దిద్దుబాట్ల జాడ కూడా అటూ ఇటూ చక్కగానే వెళ్లి వస్తోంది. వేళ్లు మాత్రం ఒప్పుకోవు. వర్డ్‌లో చేసిన పనినే మళ్లీ చేయడానికి ఎఫ్4 నొక్కేవాణ్ణి. ఇక్కడ కంట్రోల్, షిఫ్ట్, వై. ఎక్సెల్ గడిలో రెండో వరసకు దిగడానికి ఆల్ట్ ఎంటర్. ఇక్కడ కంట్రోల్ ఎంటర్. ఇందులో తెలుగు అక్షరదోషాలు చూసే నిఘంటువు ఉంది కానీ, విభక్తులు, సంధులు చేరి మాట మారిపోయే భాషలో అది పేజీని ఎర్రగీతలతో నింపుతుంది. నేను ఆపివేశాను. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ విండోస్ కోసం తయారైనది, కాబట్టి లెక్కలు రాసేవారు ఈ దారి పట్టే ముందు తమ ఆడిటరును అడగడం మంచిది. మన రాతప్రతుల్లో సగం వచ్చేది వాట్సాప్‌లోనే కదా, దానికి లినక్స్‌లో అధికారిక అప్లికేషన్ లేదు. బ్రౌజరు ట్యాబులోనే నెట్టుకురావాలి.

ఇక పాత ఫైళ్ల మాటకు వస్తాను. హైదరాబాదులో ఇరవై ఏళ్ల తెలుగు అచ్చు పని పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో, అను వంటి ఫాంట్లలో జరిగింది. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. ఆ తరువాత తయారీ ఆగినా వాడకం ఆగలేదు. ఆ ఫాంట్లు యూనికోడు (ప్రతి భాష అక్షరానికీ వేరే సంకేతం ఇచ్చే ప్రమాణం) కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిపెట్టినవి. నా దగ్గర అటువంటి ఫైళ్లు వందల్లో ఉన్నాయి. విశేషమేమిటంటే, పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచే సదుపాయం లిబ్రె ఆఫీస్‌కు 4.4 నుంచే ఉంది. ఇది తెలియక చాలామంది ఆశ వదులుకుంటారు. ఫాంటు లేకుండా తెరిస్తే పేజీ నిండా అర్థంలేని లాటిన్ గీతలు, ఫాంటు ఫైలును యంత్రంలో చేరిస్తే మళ్లీ తెలుగు. చూడడం వరకు సరే. దిద్దాలంటే ఆ ఫాంట్లతో వచ్చిన కీబోర్డు ప్రోగ్రాము కావాలి, అది విండోస్ కోసం తయారైనది. చూడవచ్చు కానీ చేయి పెట్టడానికి లేదు, గాజు బీరువాలో పుస్తకాల లాగా. యూనికోడులోకి మార్చే పరికరాలున్నా, మార్చిన ప్రతి పేజీని మళ్లీ ప్రూఫు చూడవలసిందే. కొత్తగా పేజీలు కట్టడానికి స్క్రైబస్ 1.6 ఉంది, తెలుగు ఒత్తులను ఇప్పుడు సరిగ్గానే కూరుస్తుంది. ఇన్‌డిజైన్ చేతికి అలవాటైన డీటీపీ తమ్ముడు మాత్రం దాన్ని పది నిమిషాలు చూసి, టీ తాగొద్దామన్నాడు.

ఈ మధ్య అతని దుకాణంలో విండోస్ ముందు కూర్చున్నప్పుడు ఒక వింత జరిగింది. ఒక మాటను ఎంచుకుని, మరోచోట మౌసు మధ్య మీట నొక్కాను, ఏమీ అతకలేదు. మింట్‌లో ఎంచుకున్నది కాపీ చేయకుండానే అలా అతుకుతుంది. ప్రూఫులు దిద్దేవాడికి దానంత ఉపకారి లేదు. ఒకే యంత్రంలో విడివిడి పని తెరలు తెరిచి, ఒకదాని మీద మూలప్రతి, మరోదాని మీద దిద్దుబాటు పెట్టుకుని కంట్రోల్, ఆల్ట్, బాణం మీటతో మారే అలవాటూ అక్కడ చేతికి అందలేదు. అంటే లోటు ఇప్పుడు రెండు వైపులా ఉంది.

విండోస్ ఉన్న పాత డిస్కును చెరిపివేయలేదు. కవరులో చుట్టి, చిన్న స్క్రూడ్రైవరుతో సహా బల్ల సొరుగులో ఉంచాను. ఈ ఆరు నెలల్లో ఒక్కసారే తీశాను: పాత నవల పునర్ముద్రణకు, పేజ్‌మేకర్ ఫైలులో ఉన్న ముందుమాటలో రెండు వాక్యాలు మార్చడానికి. ఇంటర్నెట్ కలపకుండా పని ముగించి, పీడీఎఫ్ తీసుకుని, మళ్లీ మింట్ డిస్కు బిగించేసరికి ముప్పావు గంట పట్టింది.