టికెట్లకు కేటగిరీలా, ట్యాగులా?

ఆఫీసు హెల్ప్‌డెస్క్‌కి వచ్చే టికెట్లను, అంటే ఫిర్యాదులను, రకాలవారీగా విడగొట్టడానికి ప్రధానంగా రెండు దారులు.

ఒకటి, డ్రాప్‌డౌన్ కేటగిరీలు. హార్డ్‌వేర్, అందులో ప్రింటర్, అందులో పేపర్ ఇరుక్కోవడం. ఫ్రెష్‌డెస్క్ అనే హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్‌లో డిపెండెంట్ ఫీల్డ్ (పైది ఎంచుకుంటే దాని కింది ఆప్షన్లు మాత్రమే చూపేది) పెడితే ఇలా మూడు అంచెల దాకా వెళ్లొచ్చు. టికెట్ ఏ టీమ్‌కి వెళ్లాలో సాఫ్ట్‌వేరే తేల్చేస్తుంది, నెలాఖరు రిపోర్టూ సులువే. చిక్కల్లా లిస్టు పెరిగినప్పుడే. అకౌంట్స్‌లో ఉన్నావిడకి ప్రింట్ రావట్లేదు. అసలు తప్పు ప్రింటర్‌దో, నెట్‌వర్క్‌దో ఆవిడకేం తెలుసు? నలభై ఆప్షన్లు కిందికీ పైకీ జరిపి, విసుగొచ్చి "ఇతరములు" నొక్కేస్తుంది. సగం టికెట్లు అందులోనే పడితే ఇక రిపోర్టు చూసి లాభం లేదు.

రెండోది ట్యాగులు, అంటే టికెట్‌కి తగిలించే చిన్న గుర్తు మాటలు. ఒకే టికెట్‌కి ప్రింటర్, వైఫై, రెండో అంతస్తు అని మూడూ తగిలించొచ్చు. కానీ ఒకరు "లాగిన్" అని రాస్తారు, ఇంకొకరు "లాగిన్‌సమస్య", మరొకరు "పాస్‌వర్డ్". పట్టించుకునే మనిషి లేకపోతే ఆర్నెల్లకి అంతా కలగాపులగం. జెన్‌డెస్క్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో డ్రాప్‌డౌన్ ఆప్షన్ ఎంచుకుంటే దాని ట్యాగ్ దానంతటదే పడుతుంది కాబట్టి ఈ గొడవ కొంత తక్కువ.

నా ఓటు డ్రాప్‌డౌన్‌కే, అదీ పొట్టిదానికి. రెండు అంచెలు చాలు, పై అంచెలో పదిలోపు ఆప్షన్లు. టికెట్ పెట్టేవాళ్లకి పై అంచె మాత్రమే చూపించండి. రెండో అంచెని టికెట్ మూసేటప్పుడు ఏజెంట్, అంటే దాన్ని పరిష్కరించిన హెల్ప్‌డెస్క్ మనిషి, నింపాలి, అప్పటికి అసలు కారణం తెలిసిపోతుంది కదా. ట్యాగులు సర్వర్ మార్చిన వారంలాంటి తాత్కాలిక తలనొప్పులకి ఉంచుకోండి. అప్పుడప్పుడూ "ఇతరములు" తెరిచి చదవండి. ఒకే రకం ఫిర్యాదు పదే పదే కనిపిస్తే దానికో కేటగిరీ ఇవ్వండి. ఎవరూ వాడనిదాన్ని మాత్రం తుడిచేయకుండా దాచండి, లేకపోతే పాత టికెట్ల లెక్క చెడొచ్చు.