స్టీమ్ గార్డ్: మా తమ్ముడి కత్తులకు కాపలా

మా తమ్ముడు కౌంటర్ స్ట్రైక్ 2 గేమ్‌లో కత్తి స్కిన్లు (ఆటలో కత్తులకు వేసుకునే రంగుల రూపాలు) కొని దాచుకునే రకం. అందుకే వాడి ఫోన్‌లో స్టీమ్ గార్డ్ పెట్టించాను, అంటే ఆ గేమ్ ఉండే స్టీమ్ అకౌంట్‌కి పాస్‌వర్డ్ మీద ఇంకో తాళం. లాగిన్ అయ్యేటప్పుడు యాప్ చూపించే ఐదక్షరాల కోడ్ కొట్టాలి, అది 30 సెకన్లకోసారి మారిపోతుంది. క్యూఆర్ స్కాన్ చేస్తే ఆ టైపింగ్ బాధ కూడా లేదు.

నాకు బాగా నచ్చింది ట్రేడ్ కన్ఫర్మేషన్. పాస్‌వర్డ్ ఎవడి చేతికి చిక్కినా, ఫోన్‌లో మనం ఒప్పుకుంటేనే స్కిన్ గడప దాటుతుంది. ఏం ఒప్పుకుంటున్నామో చదవాలి మరి. మావాడు చదవడు, అది వేరే గొడవ! పాస్‌వర్డ్ కూడా మెయిల్‌ది కాకుండా వేరేది, పొడుగ్గా పెట్టించా.

ఆర్‌తో మొదలయ్యే రికవరీ కోడ్‌ని కాగితం మీద రాసి అమ్మ రేషన్ కార్డు కవర్లో పెట్టాం. ఫోన్ పోతే అదే దిక్కు.

కోడ్ కోసం స్టీమ్ సొంత యాప్ తప్పనిసరి, గూగుల్ ఆథెంటికేటర్ లాంటి మామూలు కోడ్ యాప్ కుదరదు. అందుకే నాలుగు స్టార్లే.