మిన్నెసోటా పెరట్లో యాపిల్, చెర్రీ: ఏ రకానికి ఎన్ని స్టార్లు

ఏప్రిల్ చివరికల్లా ఇక్కడి పెద్ద స్టోర్ల పార్కింగ్ లాట్లలో పళ్ళ మొక్కలు వరసగా నిలబెట్టేస్తారు. ప్రతిదానికీ ఒక రంగుల ట్యాగ్, ట్యాగ్ మీద నిగనిగలాడే పండు బొమ్మ. ఆ బొమ్మ సంగతి వదిలేయండి. ట్యాగ్ తిప్పి జోన్ నంబర్ (మొక్క ఎంత చలి తట్టుకుంటుందో చెప్పే అంకె, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ చలి) ఎంతో, అంటు ఏ రూట్‌స్టాక్ (కింద వేరునిచ్చే మొక్క) మీద కట్టారో చూడండి. ఆ రెండూ రాసి లేకపోతే మొక్క ఎంత ఏపుగా ఉన్నా నేనైతే కొనను.

ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) చుట్టుపక్కల ఇల్లు కొనుక్కుని, పెరట్లో ఒక్క పళ్ళ చెట్టయినా ఉండాలని ఆశపడే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మామిడి, జామ, సపోటా ఎలాగూ కుదరవు, కుండీలో కరివేపాకునే అక్టోబరు నుంచి మే దాకా ఇంట్లో పెట్టుకుని పసిపిల్లలా సాకాలి. యాపిల్, పుల్ల చెర్రీ అలా కాదు, వాటికి చలి కావాలి. ఊళ్ళో మా బాబాయి హిమాచల్ నుంచి వచ్చిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అనే యాపిల్ అంటు తెచ్చి వేసి, నీ దగ్గరున్నదీ ఇదేగా అని అడిగాడు. కాదు బాబాయ్, అది చలి తక్కువున్నా కాసే రకం, ఇక్కడ మాకు చలి ఎక్కువై చావకుండా ఉండే రకం కావాలి, రెండూ పూర్తిగా వేరే కథలు.

ముందు జోన్ గొడవ తేల్చేద్దాం. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ కొత్త మ్యాప్ విడుదల చేశాక మన ఏరియా చాలావరకు 4బి నుంచి 5ఎ లోకి మారింది. అప్పటినుంచి జోన్ 5 మొక్కలన్నీ మనకి పనికొస్తాయన్నట్టు అమ్ముతున్నారు. కానీ ఆ నంబర్ ఏటా పడే అతి తక్కువ ఉష్ణోగ్రతని 30 ఏళ్ళకి సగటు తీసి ఇచ్చింది. 5ఎ అంటే సగటున మైనస్ 20 నుంచి మైనస్ 15 ఫారెన్‌హీట్ మధ్య. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 పడింది, సెల్సియస్‌లో దాదాపు మైనస్ 33. ఏళ్ళ తరబడి పెంచిన చెట్టుని అలాంటి ఒక్క రాత్రి చంపేస్తుంది. అందుకే మ్యాప్ ఏం చెప్పినా జోన్ 4 అని రాసి ఉంటేనే తీసుకుంటాను, జోన్ 3 అయితే ఇంకా నిశ్చింత.

ఈ లెక్కన తియ్య చెర్రీలకి అయిదింటికి నేనిచ్చేది ఒక్క స్టారే. బింగ్, రెయినీర్, స్టెల్లా, ఇవన్నీ వాషింగ్టన్, ఒరెగాన్ లాంటి చోట్ల హాయిగా పెరిగేవి. మనకి కాస్ట్‌కోలో జూన్, జూలైల్లో డబ్బాలకొద్దీ దొరికేవి ఇవే, అందుకే ట్యాగ్ మీద ఆ పేరు కనిపించగానే చెయ్యి అటే పోతుంది. మా కమ్యూనిటీలో ఒకాయన పేరున్న స్టోర్‌లోనే బింగ్ కొన్నాడు, మొదటి చలికాలానికి చివర్లు ఎండాయి, తర్వాతి ఏడు మొదలు దగ్గర బెరడు పగిలి జిగురు కారి పోయింది. పైగా బింగ్ ఒక్కటే పెడితే కాయదు, పక్కన ఇంకో రకం తియ్య చెర్రీ ఉండాలి, అంటే రెండు చెట్లు పెట్టి రెండూ పోగొట్టుకోవడం. ఇదంతా అమ్మేవాళ్ళు చెప్పరు. అడిగితే ఏడాది వారంటీ ఉంది కదా అంటారు, ఆ చెట్టేమో రెండో ఏడు పోతుంది!

ఇక యాపిల్. ఇక్కడ మనం అదృష్టవంతులం, ఎందుకంటే చలికి తట్టుకునే యాపిల్ రకాల తయారీలో యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాకి వందేళ్ళకి పైబడిన అనుభవం ఉంది, వాళ్ళ తోటలు మన పక్కనే, చాన్‌హాసెన్ వైపు. అందరూ ముందు అడిగేది హనీక్రిస్ప్. 1991లో విడుదలైంది, 2006లో రాష్ట్ర ఫలం కూడా అయింది, కొరికితే కరకరలాడి నోరంతా రసం, రుచి గురించి నాకు ఏ పేచీ లేదు. కానీ పండు వేరు, చెట్టు వేరు. చెట్టు మెల్లగా ఎదుగుతుంది, ఎండాకాలం మధ్యకి వచ్చేసరికి ఆకులు ఏ చీడా లేకుండానే పసుపు మచ్చలు పడి, ఏమైందోనని టెన్షన్ పెడతాయి, కాయలకి కాల్షియం సరిగ్గా అందక తొక్క మీద నల్లగా గుంటలు పడతాయి. పిందెలు పల్చన చేయకపోతే ఒక ఏడు విరగగాసి మరుసటేడు మొండికేస్తుంది. చలికి మాత్రం బాగానే నిలబడుతుంది. పెరటి చెట్టుగా 3 స్టార్లు. షాపులో ఏడాది పొడుగునా దొరికే పండు కోసం ఇంత ఊడిగం నేను చెయ్యను, మీ ఓపిక.

నా ఓటు హారల్సన్‌కి, నాలుగున్నర స్టార్లు. 1922 నాటి రకం, ఇక్కడి పాత ఇళ్ళ పెరళ్ళలో ఇప్పటికీ కాస్తున్నవి చాలా ఉన్నాయి. గట్టి చెట్టు, చలికి జంకదు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కోతకి వస్తుంది. అమెరికన్లు దీన్ని ఆపిల్ పై (పిండి పొరలో పళ్ళు పెట్టి కాల్చే వంటకం) కోసం వాడతారు, పుల్లగా ఉంటుంది కనుక. ఆ పులుపే మనకి కావాల్సింది. పచ్చి మామిడికాయ దొరకని ఊళ్ళలో గ్రానీ స్మిత్ తురిమి పులిహోర కలుపుకోవడం, ఉగాది పచ్చడిలో వేసుకోవడం మనవాళ్ళకి అలవాటేగా. హారల్సన్ కాస్త ముందుగా కోస్తే ఆ పనికి ఇంకా బాగుంటుంది, ముక్క గట్టిగా ఉంటుంది, పోపులో వేసినా చితకదు, పప్పులో వేస్తే మామిడికాయ పప్పు అని మా అత్తగారే మోసపోయారు. ఫ్రిజ్‌లో పెడితే సంక్రాంతి దాకా ఆగుతుంది. అర స్టారు ఎందుకు తగ్గించానంటే ఇది కూడా ఏడు విడిచి ఏడు కాసే బాపతు, జూన్‌లో గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి గిల్లేయాలి. చేతులు రావు, కానీ గిల్లాలి.

తియ్యటిదే కావాలంటే, పిల్లలకి స్కూలు తెరిచే నాటికి కోసి ఇవ్వాలంటే జెస్టార్. 1999లో వచ్చింది, ఆగస్టు చివరికే పండుతుంది, అంత తొందరగా పండే వాటిల్లో ఇంత కరకరలాడేది నేను తినలేదు. 4 స్టార్లు. ఫ్రాస్ట్‌బైట్ అని ఇంకొకటి ఉంది, 2008లో పేరు పెట్టి వదిలారు గానీ చాలా పాత మొక్క, హనీక్రిస్ప్‌కి వరసకి తాతమ్మ కాకపోయినా అమ్మమ్మ అవుతుంది. కాయ చిన్నది, నల్లెరుపు, చూడ్డానికి ఏమీ బాగోదు. కొరికితే మాత్రం చెరకు గడ నమిలినట్టు ఘాటైన తీపి. మా ఇంట్లో సగం మందికి ప్రాణం, సగం మందికి పడదు. కొనేముందు రుచి చూడండి. అందుకు మంచి చోటు ఉంది, చాన్‌హాసెన్‌లో ఉన్న మిన్నెసోటా ల్యాండ్‌స్కేప్ ఆర్బొరీటమ్ వాళ్ళు శరదృతువులో యాపిల్‌హౌస్ తెరుస్తారు, యూనివర్సిటీ రకాలు అక్కడ అమ్ముతారు. తలా ఒక సంచీ కొని ఇంటిల్లిపాదీ తిని, ఏది ముందు ఖాళీ అయితే ఆ మొక్క పెట్టుకోండి.

మందులు కొట్టే ఓపిక లేనివాళ్ళు 2021లో వచ్చిన ట్రయంఫ్ చూడండి, హనీక్రిస్ప్‌కి లిబర్టీ అనే రకాన్ని కలిపి చేసింది, ఆకుల మీద, కాయల మీద నల్లమచ్చలు తెచ్చే స్కాబ్ తెగులుని బాగా తట్టుకునేలా పెంచారు. స్వీటాంగో యాపిల్ మొక్క ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతారు, దొరకదు, అది లైసెన్సు తీసుకున్న రైతులకే. హనీక్రిస్ప్, జెస్టార్‌ల పిల్ల అది, కాబట్టి జెస్టార్ పెట్టుకుని తృప్తిపడండి.

యాపిల్ రకాల్లో చాలావరకు ఒంటరిగా సరిగ్గా కాయవు, అదే సమయానికి పూసే ఇంకో రకం దగ్గర్లో ఉండాలి. రెండోదానికి చోటు లేకపోతే కంగారు పడొద్దు, పక్కింటివాళ్ళ ముందు వాకిట్లో పూల కోసం పెట్టిన క్రాబాపిల్ (చిట్టి కాయల యాపిల్ జాతి చెట్టు) ఉందేమో చూడండి, వంద అడుగుల లోపు ఉంటే తేనెటీగలు మిగతా పని చూసుకుంటాయి. ఇక్కడి సబర్బుల్లో క్రాబాపిల్ లేని వీధి అరుదు.

రూట్‌స్టాక్ గురించి ఇంకాస్త చెప్పాలి. పైన రకం ఎంత గట్టిదైనా కింద వేరు చలికి చస్తే మొత్తం పోయినట్టే, నేలని దుప్పటిలా కప్పే మంచు సరిగ్గా పడని చలికాలాల్లో నేల లోతుగా గడ్డకట్టి అదే జరుగుతుంది. ఎం 9 అని కనిపిస్తే మన చలికి కాస్త అనుమానమే. రష్యా నుంచి వచ్చిన బడ్ 9 అయితే వేరు గట్టిది, చెట్టు 8, 10 అడుగుల దగ్గర ఆగిపోతుంది, స్టూలు వేసుకుని కోసుకోవచ్చు, కాకపోతే వేళ్ళకి పట్టు తక్కువ కనుక జీవితాంతం గుంజ కట్టి ఉంచాలి. యాంటొనోవ్కా మీద కట్టింది అన్నిటికంటే మొండిది, కానీ 20 అడుగులు దాటుతుంది, కాపుకి ఏళ్ళు పడుతుంది, టౌన్‌హోమ్ పెరటికి అది వద్దు. ట్యాగ్ మీద ఉత్తినే సెమీ డ్వార్ఫ్ అని రాసి ఊరుకుంటే అది సమాచారం కాదు. నాటేటప్పుడు అంటు కట్టిన బుడిపె నేల పైనే, రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి.

పుల్ల చెర్రీకి వద్దాం, నా లెక్కలో మన వంటింటికి దీన్ని మించిన చెట్టు లేదు. నార్త్ స్టార్, 5 స్టార్లు, ఆలోచించకుండా. ఇదీ ఇక్కడి యూనివర్సిటీదే, 1950 నాటిది. పొట్టి చెట్టు, తనంతట తానే కాస్తుంది, జోడీ అక్కర్లేదు, ఇంటి గోడ పక్కన బాగా ఎండ పడే చోటు చాలు. మే నెలలో తెల్లగా పూత, జూన్ చివర, జూలై మొదట్లో ముదురు ఎరుపు కాయలు. ఇక్కడివాళ్ళు పంచదార దట్టించి పై చేస్తారు. నేను గింజ తీసి పప్పులో వేస్తాను, చింతపండు అవసరమే ఉండదు. పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి రోట్లో నూరి ఇంగువ పోపు పెడితే ఆ పచ్చడి వేడన్నంలోకి ఎలా ఉంటుందో నేను చెప్పను. కారం, ఆవపిండి, ఉప్పు పట్టించి ఊరవేస్తే ఫ్రిజ్‌లో కొన్నాళ్ళు ఉంటుంది, కాకపోతే మామిడికాయంత గట్టి ముక్క కాదు కనుక ఏడాది ఆవకాయలా నిలవ ఉంటుందనుకోవద్దు. గింజ తీయడానికి పేపర్ క్లిప్ వంచి తొడిమ వైపు నుంచి గుచ్చి లాగితే చాలు, పాత బట్టలు వేసుకోండి, ఆ ఎరుపు వదలదు.

చలి ఇంకా గట్టిగా ఉండే డులూత్ వైపు, ఫార్గో వైపు ఉన్నవాళ్ళకి కెనడా రకాలు. యూనివర్సిటీ ఆఫ్ సస్కాచెవాన్ వాళ్ళ కార్మైన్ జ్యూయెల్, ఆ తర్వాత వచ్చిన రోమియో, జూలియెట్, ఇవి చెట్లు కూడా కావు, మనిషెత్తు పొదలు. కార్మైన్ జ్యూయెల్‌కి 4 స్టార్లు. జూలియెట్‌లో తీపి ఎక్కువ, పిల్లలు కొమ్మ మీద నుంచే తింటారు. స్టారు తగ్గడానికి కారణం పిలకలు, వేళ్ళ నుంచి లాన్‌లోకి పొడుచుకొస్తూనే ఉంటాయి. ఇంకోటి, మిన్నెసోటాలో 2012 నుంచి స్పాటెడ్ వింగ్ డ్రోసోఫిలా అని ఒక చిన్న ఈగ తయారైంది, పండుతున్న కాయలో గుడ్లు పెడుతుంది, కోసి చూస్తే తెల్ల పురుగులు. ఆలస్యంగా పండే రకాలకే దీని బెడద ఎక్కువ, నార్త్ స్టార్ తొందరగా పండటం ఇక్కడ కలిసొస్తుంది. సన్నటి వల కప్పాలి, పిట్టల కోసం కూడా ఎలాగూ కప్పాల్సిందే.

ఏ మొక్క కొన్నా బిల్లులో ఇంకో 10, 15 డాలర్లు కలుపుకోండి, మొదలు చుట్టూ చుట్టడానికి పావు అంగుళం కన్నాల ఇనుప జాలీ కోసం. జనవరిలో మంచు కింద తినడానికి ఏమీ దొరకని కుందేళ్ళు, ఎలుకజాతి వోల్‌లు లేత బెరడు చుట్టూ కొరికేస్తాయి, చుట్టంతా కొరికాయంటే ఆ చెట్టు అయిపోయినట్టే. మంచు రెండడుగులు పేరుకుంటే కుందేలు దాని మీదెక్కి కొరుకుతుంది, కనుక జాలీ అంతకంటే ఎత్తు ఉండాలి. తెల్ల ప్లాస్టిక్ గార్డు కూడా నవంబరులో పెట్టి మంచు కరిగాక తీసేయాలి, చలికాలపు ఎండ నైరుతి వైపు బెరడుని వేడి చేసి, పొద్దు గూకగానే ఒక్కసారిగా గడ్డకట్టిస్తే బెరడు చీలిపోతుంది.

ఎక్కడ కొనాలి అంటే, నా మాట పెద్ద స్టోర్ కాదు, పళ్ళ మొక్కలే పెంచే లోకల్ నర్సరీ, లేదా కుండీ లేకుండా వేళ్ళతో సహా పంపే మెయిల్ ఆర్డర్. వేళ్ళతో వచ్చేది చూడ్డానికి ఎండు పుల్లలా ఉంటుంది, 30 నుంచి 50 డాలర్లలో వస్తుంది, కుండీలో ఆకులతో కళకళలాడేదానికంటే తొందరగా కుదురుకుంటుంది. ఫోన్ చేసి ఏ రూట్‌స్టాక్ అని అడిగితే వెంటనే చెప్పగలిగిన వాళ్ళ దగ్గర కొనండి. జనవరి, ఫిబ్రవరిల్లోనే ఆర్డర్ పెట్టేయండి, ఫ్రాస్ట్‌బైట్, నార్త్ స్టార్ లాంటివి నేల కరిగే సమయానికి స్టాక్ ఉండవు.