హరికథ లైవ్‌లో చిరతల చప్పుడు కుదరాలంటే: ఓబీఎస్ స్టూడియోతో నా అనుభవం

విజయనగరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ జరిగే హరికథలు, వయొలిన్ కచేరీలు లైవ్ ఇవ్వడానికి కొన్నేళ్లుగా ఓబీఎస్ స్టూడియోనే వాడుతున్నాను. 2012లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. సీన్లు, టైటిళ్లు ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఒక్క విషయమే రాస్తాను: సౌండూ బొమ్మా కలిసి నడవడం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు మాది. ఇక్కడి శ్రోతలకు తాళం తేడా ఇట్టే తెలిసిపోతుంది.

పాట కచేరీలో కాస్త తేడా ఉన్నా కొంతమంది పట్టించుకోరు. హరికథలో దాగదు. కథ చెప్పే దాసుగారి చేతిలో చిరతలు, కాళ్లకు గజ్జెలు, పక్కన మృదంగం. చిరతలు కలిసిన క్షణం కంటికి కనిపిస్తుంది, చప్పుడు చెవికి వినిపిస్తుంది. ఆ రెండూ వేర్వేరుగా వస్తే చూడబుద్ధి కాదు. రికార్డింగ్ చూసిన ఒక పెద్దాయన "నోరు తెరవకముందే మాట వచ్చేస్తందేటి బాబూ?" అని అడిగారు. సరిగ్గా పట్టుకున్నారు. మిక్సర్ నుంచి యూఎస్‌బీ ద్వారా వచ్చే సౌండ్ త్వరగా చేరుతుంది. కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ, అక్కడి నుంచి కెమెరా బొమ్మని కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు దాటి వచ్చే బొమ్మ ఆలస్యమవుతుంది. మామూలుగా దూరంనుంచి చూసేటప్పుడు చప్పుడే వెనక వస్తుంది కాబట్టి అది మనకు అలవాటే. ముందు వస్తే మాత్రం మనసు ఒప్పుకోదు. ప్రసార రంగానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) ఇచ్చిన సిఫారసులోనూ ఇదే కనిపిస్తుంది: సౌండ్ 45 మిల్లీసెకన్లు ముందున్నా మనిషి పసిగడతాడు, వెనకపడితే 125 దాకా తెలియదు.

ఓబీఎస్‌లో దీనికి మందు అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఉండే సింక్ ఆఫ్‌సెట్. మైకు ఎదురుగా ఎన్ని మిల్లీసెకన్లు రాస్తే సౌండ్ అంత ఆలస్యంగా వెళ్తుంది. మైనస్ అంకె కూడా ఇవ్వొచ్చు. మా ఊరి సిరిమానోత్సవం జాతరలాంటి చోట మేడ మీంచి జూమ్ చేసి, సౌండ్ కెమెరా మైకుతోనే తీస్తే అది పనికొస్తుంది. 60 మీటర్ల దూరంలోని డప్పు చప్పుడు మనల్ని చేరడానికి సుమారు 170 మిల్లీసెకన్లు పడుతుంది మరి.

ఎంత ఇవ్వాలన్నది ఓబీఎస్ దానంతటది కొలిచి చెప్పదు. నాకు ఇందులో పెద్ద లోటు అదే. అందుకే కార్యక్రమానికి ముందు దాసుగారిని కెమెరా ఎదురుగా చిరతలు ఒకసారి గట్టిగా కొట్టమంటాను. దాన్ని ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తాను. చిరతలు కలిసిన ఫ్రేముకూ, సౌండ్ గీత పైకి లేచిన చోటుకూ మధ్య దూరమే ఇవ్వాల్సిన అంకె. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, అంటే కొలత మోటుగా వస్తుంది. కొలిచేటప్పుడు 60 ఫ్రేములు పెట్టుకుంటే నయం. మా కెమెరా, కార్డు జతకి 120 దగ్గర కుదిరింది. కార్డు మారిస్తే అంకె మారుతుంది, కాబట్టి ఇంకొకరి అంకె మీకు పనికిరాదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో విని సరిచూడకండి, దాని ఆలస్యం దానికి వేరే ఉంటుంది.

ఇంతవరకూ ఓబీఎస్‌కి పూర్తి మార్కులు వేస్తాను. అసలు టెన్షన్ రెండున్నర గంటల కథలో మొదలవుతుంది. ప్రార్థన దగ్గర చక్కగా కుదిరిన సౌండ్ మంగళం వేళకి జారిపోయి ఉంటుంది. మిక్సర్ లోపల కాలం లెక్కపెట్టే గడియారం ఒకటి, క్యాప్చర్ కార్డుకి ఇంకోటి. వాటి మధ్య పది లక్షల్లో యాభై వంతుల తేడా ఉన్నా గంటకి 180 మిల్లీసెకన్లు అవుతుంది. ఒక చవక క్యాప్చర్ కార్డుతో మమ్మల్ని ఏడిపించింది ఈ జారుడే. సింక్ ఆఫ్‌సెట్ స్థిరమైన తేడాని దిద్దుతుంది గానీ పెరిగే తేడాని దిద్దలేదు. అందుకే చిరతల పరీక్ష మొదట్లో ఒకసారి, గంట తర్వాత ఇంకోసారి చేయాలి. రెండుసార్లూ ఒకే అంకె వస్తే ఆఫ్‌సెట్ చాలు. వేరే వస్తే ముందు విండోస్‌లో, మిక్సర్‌లో, ఓబీఎస్‌లో అన్నిచోట్లా శాంపిల్ రేటు (సెకనుకు సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) 48 కిలోహెర్ట్జ్ ఉందో లేదో చూడండి. ఒకచోట 44.1 ఉండిపోవడం తరచూ జరిగేదే.

అప్పటికీ జారితే తిరుగులేని దారి ఒకటుంది. మిక్సర్ అవుట్‌ని కెమెరా మైక్ జాక్‌లోకే ఇచ్చేయాలి. సౌండూ బొమ్మా ఒకే హెచ్‌డీఎంఐ తీగలో, ఒకే గడియారంతో వస్తాయి. మైక్ జాక్‌కి మిక్సర్ సిగ్నల్ ఎక్కువైపోతుంది కాబట్టి మధ్యలో అటెన్యుయేటర్ తీగ వాడాలి, కెమెరాలో ఆటో లెవెల్ తీసేయాలి. లేకపోతే దాసుగారు కథ ఆపి ఊపిరి తీసుకున్నప్పుడల్లా హాల్లో ఫ్యాన్ల హోరు పైకి లేస్తుంది. పెద్ద కథలన్నిటికీ ఇప్పుడు నేను ఇలాగే చేస్తున్నాను.

నెట్ గురించి భయపడేవాళ్లు ఎక్కువ. నెట్ నెమ్మదిస్తే బొమ్మ ఆగుతుంది, మసకబారుతుంది. సింక్ పోవడానికి మాత్రం కారణం ఎక్కువగా మన బల్ల మీదే ఉంటుంది.

రెండో కెమెరా ఉంటే దాని ఆలస్యం వేరుగా ఉంటుంది. త్వరగా వచ్చే కెమెరాకి రెండర్ డిలే ఫిల్టర్ పెట్టి రెండోదానితో సమానం చేస్తాను, 500 మిల్లీసెకన్ల దాకా అది సరిపోతుంది. వైఫై మీద వచ్చే ఫోన్ కెమెరాతో ఈ పప్పులు ఉడకవు, దాని ఆలస్యం నిమిషానికో రకంగా ఉంటుంది. దాన్ని దాసుగారి వైపు తిప్పను, కింద కూర్చున్న జనాన్ని చూపించడానికే వాడతాను.