సగం నీళ్ళు పోసి చూపించే ఆరడుగుల ట్యాంకుతో జాగ్రత్త

"6×2×2 ట్యాంకు, 12 ఎం.ఎం. గాజు, స్టాండుతో సహా. ఇల్లు మారుతున్నాం, అర్జెంట్." హైదరాబాద్‌లో మొక్కల ట్యాంకు (నీటిమొక్కలు పెంచే అక్వేరియం) పెట్టుకుందామని సెకండ్‌హ్యాండ్‌లో వెతికేవాళ్ళకి ఈ తరహా ప్రకటన ఎప్పుడో ఒకప్పుడు కంటపడుతుంది. చాలావరకు అరోవానా అనే పెద్ద చేపని పెంచి వదిలేసినవే. కొత్తదానిలో సగం ధర కూడా ఉండదు. వెళ్ళి చూస్తే అడుగు ఎత్తున నీళ్ళు పోసి ఉంటాయి. "చూశారుగా సార్, చుక్క కారట్లేదు" అంటారు. అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు సరిగ్గా అక్కడే బోల్తా పడతారు.

నీళ్ళు సగానికి పోస్తే గాజు మీద ఒత్తిడి కూడా సగమే ఉంటుందనుకుంటాం. కానీ అద్దాన్ని బయటికి తోసే మొత్తం బలం నీటి ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆరడుగుల ముందు అద్దానికి అడుగు ఎత్తు నీళ్ళుంటే ఆ తోపు 80 కిలోల చిల్లర. అదే రెండడుగులూ నింపితే సుమారు 330 కిలోలు. అంటే సగం నింపి చూపించిన ట్యాంకు నాలుగో వంతు పరీక్షే పాసైంది. మిగతా మూడు వంతులు మీ హాల్లో, మీ సోఫా పక్కన జరుగుతాయి.

కాబట్టి అమ్మేవాళ్ళ దగ్గరే నిండా నింపించండి. స్టాండు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి నాలుగు మూలలూ సమంగా ఉన్నాయో చూసి, అడుగున చుట్టూ పాత న్యూస్‌పేపర్ పరవాలి. మూడో వంతు పోసి రెండు గంటలు ఆగండి, మూడింట రెండు వంతులు పోసి మళ్ళీ ఆగండి, ఆపైన నిండా. కనీసం 48 గంటలు ఉంచాలి. సన్నటి ఊట కంటికి కనిపించదు, పేపరు మీద మరక పడితేనే తెలుస్తుంది. ముందు అద్దానికి అడ్డంగా ఒక అల్యూమినియం చానల్ ఆనించి, ఖాళీగా ఉన్నప్పుడూ నిండాకా మధ్యలో ఎంత వంపు వచ్చిందో కొలుచుకోండి. కొంచెం వంగడం మామూలే. నింపిన గంటకి ఉన్న కొలత మర్నాటికి పెరిగిందంటే మాత్రం బేరం వదిలేయండి.

"12 ఎం.ఎం." మాటని నమ్మొద్దు. పై అంచు దగ్గర వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టి అన్ని వైపులా కొలవండి. ముందు వెనకలు 10, పక్కలు 8 పెట్టి, అందరికీ కనిపించే పై గాజు పట్టీ ఒక్కటే 12 వేసిన ట్యాంకులుంటాయి. రెండడుగుల ఎత్తుకి, ఆరడుగుల పొడవుకి 12 ఎం.ఎం., పైన చుట్టూ పట్టీలు, మధ్యలో అడ్డపట్టీ ఉండాలి. మొక్కల లైటు అడ్డుపడుతోందని ఆ అడ్డపట్టీ కోసి పారేసే మహానుభావులూ ఉన్నారు. మధ్యలో పాత సిలికాన్ గీత మిగిలి ఉంటే అక్కడ పట్టీ ఉండేదని అర్థం.

ఇక సిలికాన్. లోపలి మూలల్లో కనిపించే లావు వరస పైపై రక్షణ మాత్రమే. ట్యాంకుని నిజంగా పట్టి ఉంచేది రెండు గాజుల మధ్య ఉన్న పల్చటి పొర. దాన్ని బయటి నుంచి, పక్కవాటుగా, ఫోన్ టార్చి వేసి చూడండి. ముదురు రంగులో ఏకంగా కనిపిస్తే సరే. అక్కడక్కడ వెండిరేకులా మెరిసే మచ్చలుంటే ఆ చోట సిలికాన్ గాజుని వదిలేసినట్టే. అతుకు ఒక అంచు నుంచి రెండో అంచుదాకా బుడగలు గొలుసులా ఉన్నా అంతే. ఏళ్ళ తరబడి డాబా మీద ఎండలో ఖాళీగా పడున్న ట్యాంకుల్లో ఇది ఎక్కువ.

లోపలి వరస మరీ కొత్తగా, తళతళలాడుతూ కనిపిస్తే ఇంకా అనుమానించండి. పాత సిలికాన్‌కి కొత్త సిలికాన్ అతుక్కోదు. గోటితో అంచు లేపితే పైపొర రబ్బరు బ్యాండులా ఊడి చేతికి వస్తుంది. లీకు దాచడానికి పూసిన పూత అది. సరిగ్గా బాగుచేయాలంటే ఐదు అద్దాలూ విడదీసి, బ్లేడుతో గీకి, అసిటోన్‌తో తుడిచి మళ్ళీ కట్టాలి, వారం ఆరాలి. ఆ కూలి కొత్త ట్యాంకు ధరకి దగ్గరగా పోతుంది. బాత్రూమ్‌కి వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ వాడి ఉంటే చేపలకీ రొయ్యలకీ ప్రమాదం.

వెనక అద్దానికి నల్లరంగు వేసో స్టిక్కరు అంటించో ఉంటే మూలల్లో వేలు పోనిచ్చి తడిమి చూడండి, పగులు దాచడానికి అదో దారి. సముద్రపు చేపలు పెంచిన ట్యాంకైతే రాగి మందు వాడారేమో అడగండి. ఆ రాగి ట్యాంకులో మిగిలి ఉంటే రొయ్యలూ నత్తలూ బతకవు. అలాంటివాటికి ఉండే ఓవర్‌ఫ్లో (పైనుంచి నీళ్ళు జారే దారి), సంప్ (ఆ నీళ్ళు చేరే కింది తొట్టి) కూడా మొక్కలకి అంతగా కలిసిరావు. నీళ్ళు జారి పడేచోట, మొక్కల కోసం మీరు డబ్బు పోసి నీళ్ళలోకి ఎక్కించిన సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గాల్లో కలిసిపోతుంది.

గాజంతా బాగున్నా, అది మొక్కలకి పనికొచ్చే ట్యాంకేనా అన్నది వేరే లెక్క. అరోవానా ట్యాంకుల్లో 30 అంగుళాల ఎత్తువీ ఉంటాయి. వాటిలో అడుగున నాటాలంటే స్టూలెక్కి చంక దాకా చెయ్యి ముంచాలి, అయినా మూలలు అందవు. మొక్కలకి 18 అంగుళాల ఎత్తు హాయి, 24 దాటితే వద్దనే చెప్పాలి. 6×2×2లో నీళ్ళు 600 లీటర్ల పైమాటే. లీటరుకి 30 ల్యూమెన్లు (వెలుగు కొలత) లెక్కేస్తే 18,000 ల్యూమెన్లు, అంటే దాదాపు 180 వాట్ల ఎల్‌ఈడీ. రోజుకి 8 గంటలు వెలిగిస్తే నెలకి 43 యూనిట్లు. 8 సెంటీమీటర్ల మందాన మట్టి పరవాలంటే 9 లీటర్ల సంచులు పది. ట్యాంకు కన్నా వీటికే ఎక్కువవుతుంది. "మట్టి కూడా ఇచ్చేస్తాం" అంటే సంతోషించకండి, వాడేసిన సాయిల్‌లో సారం ఉండదు, కదిపితే అమ్మోనియా వదులుతుంది. గులకరాళ్ళ మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి, బుసబుస పొంగితే సున్నపురాయి. అసలే బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, దానికి ఇది తోడైతే చాలా మొక్కలు లేవవు. ఆర్వో పెడదామంటే వారానికి 300 లీటర్లు మార్చాలి, గంటకి 12 లీటర్లిచ్చే ఇంటి మెషీన్ ఒక రోజు పైన ఆగకుండా తిరగాలి.

బరువు అసలు మాట. నీళ్ళు 600, గాజు 130, మట్టీ రాళ్ళూ వందకి పైన, స్టాండు 70. అన్నీ కలిపి టన్నుకి అటూ ఇటూ, అదీ 12 చదరపు అడుగుల్లో. ఇళ్ళ శ్లాబుకి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులకి భారత ప్రమాణం) లెక్కలో తీసుకునే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. ఇక్కడ అది 900 దాకా. శ్లాబు బరువుని పంచుకుంటుంది కనుక పెట్టగానే కూలదు, కానీ బీము మీద, గోడవారగా తప్ప పెట్టకూడదు. బాల్కనీలో అసలొద్దు. పై అంతస్తులో ఉంటే ఇంజినీరుకి ప్లాను చూపించి ఒక మాట అడగండి.

స్టాండు కాళ్ళ అడుగున తుప్పు పట్టి పొరలు రాలుతుంటే స్టాండు విలువ సున్నా. ట్యాంకు అడుగున ఫ్రేము లేకపోతే ట్యాంకుకీ స్టాండుకీ మధ్యలో 10 ఎం.ఎం. ఫోమ్ షీటు తప్పనిసరి. అడుగున ఇసుక రేణువొకటి ఉండిపోయినా గాజు అక్కడి నుంచే పగలొచ్చు. మోసేటప్పుడు ఆరుగురు కావాలి, చేతులు కిందే వేయాలి. పై పట్టీలు పట్టుకుని ఎత్తితే అతుకులు లేస్తాయి, అంతవరకు బాగున్న ట్యాంకు అక్కడే పోతుంది. చాలా లిఫ్టుల్లో ఆరడుగులు పట్టదు, మెట్ల మలుపు టేపుతో కొలిచాకే టాటా ఏస్ మాట్లాడండి.

బేరానికి ముందు దగ్గర్లో ట్యాంకులు కట్టే ఒకరి దగ్గర 6×2×1½ కొత్తదానికి రేటు కనుక్కుని వెళ్ళండి. 48 గంటలు నింపి ఉంచడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే, "నీళ్ళు కొనాలండీ, టైము లేదండీ" అంటే, పాత గాజు రేటు చెప్పండి. దానికి ఒప్పుకుంటే అద్దాలు విప్పి కట్టించుకోవచ్చు, లేదంటే వచ్చిన దారినే వెళ్ళిపోండి.