'రష్యన్ మ్యాథ్స్' డెమో చూసి ఓటీపీ చెప్పేయకండి

హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు ఉండే తల్లిదండ్రులకు ఈ పోస్ట్. మా బాబు రెండో తరగతి. జూన్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు రష్యా పద్ధతిలో లెక్కలు నేర్పుతామంటూ 'రష్యన్ మ్యాథ్స్' డెమో పెట్టారు. కంప్లయింట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

డెమో మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. ఒక కర్రను ఐదు ముక్కలు చేయాలంటే ఎన్నిసార్లు కోయాలి అని అడిగారు మేడమ్. మావాడు టక్కున ఐదు అన్నాడు. ఆవిడ తప్పు అనలేదు. చేతికో బెండకాయ, ప్లాస్టిక్ చాకు ఇచ్చి "కోసి చూడు నాన్నా" అన్నారు. నాలుగు కోతలకే ఐదు ముక్కలొచ్చాయి. "ఎందుకలా?" అని అడిగి, వాడు నోరు విప్పేదాకా ఓపిగ్గా ఆగారు. అక్కడే పడిపోయాను. దానికి తోడు, మా నాన్నగారు విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాల మధ్య పెరిగినదాన్ని. 'రష్యన్' అనగానే నమ్మేశాను.

ఫీజు 54,000, జీఎస్టీతో కలిపి 63,720. "నెలకు 5,310 చొప్పున 12 నెలలు, వడ్డీ లేదు. సీట్ బ్లాక్ చేస్తాను, ఓటీపీ చెప్పండి మేడమ్" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. చెప్పాను. ఆ ఓటీపీతో ఒక ఫైనాన్స్ కంపెనీలో నా పేరు మీద లోన్ అయిపోయింది. సెంటర్‌కు డబ్బు మొత్తం ఒకేసారి వెళ్లిపోయింది. ఫీజు అనుకుని నేను కట్టేది అప్పు వాయిదా!

ఇక క్లాసు. డెమో మేడమ్ మళ్లీ కనిపించలేదు, ఆవిడ డెమోలకేనట. ఆరుగురి బ్యాచ్ అన్నారు, పదిహేడు మంది ఉన్నారు. నెల తర్వాత నోట్‌బుక్ తీసి చూస్తే ఒక పేజీలో అరవై కూడికలు, కింద ఎర్ర పెన్నుతో '4 ని. 10 సె.' తర్వాతి పేజీలో తీసివేతలు, మళ్లీ టైం. "ఈ మేడమ్ ఎందుకు అని అడగరమ్మా, అయిపోయిందా అని అడుగుతారు" అన్నాడు మావాడు.

ముందే చదవాల్సింది, తర్వాత చదివాను. రష్యాలో 1930ల నుంచి 'క్రుజోక్' అని పిల్లల లెక్కల బృందాలున్నాయి. లెక్కలు కొన్నే ఇస్తారు, వాటి మీద చాలాసేపు మాట్లాడుకుంటారు. సోవియట్ సైకాలజిస్టులు ఎల్కోనిన్, దవిదోవ్‌ల పద్ధతిలో అయితే అంకెల కంటే ముందే రెండు గ్లాసుల నీళ్లు పోల్చి, ఎ కంటే బి ఎక్కువ అని రాయిస్తారు. స్టాప్‌వాచ్ పెట్టి చేయించే అరవై కూడికలకు రష్యాతో ఏం పని?

మానేస్తామంటే 'నాన్ రిఫండబుల్, కావాలంటే రోబోటిక్స్‌కు మార్చుకోండి' అన్నారు. ఈఎంఐ ఆపితే నా సిబిల్ స్కోరు (అప్పులు సరిగా కడతామా లేదా చెప్పేది) దెబ్బతింటుంది, అందుకని కడుతూనే ఉన్నాను. జీఎస్టీ వసూలు చేశారు గానీ రసీదులో జీఎస్టీ నంబరే లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను.

చేర్పించేవాళ్లు డెమో చూసి ఊరుకోకండి, నడుస్తున్న బ్యాచ్ చూపించమనండి. మూడు నెలలుగా వస్తున్న పిల్లాడి నోట్‌బుక్ ఒక్కటి తిరగేస్తే చాలు. ఓటీపీ వస్తే ఆ మెసేజ్ పూర్తిగా చదవండి. ఇప్పటికే చెప్పేసి ఉంటే ఇవాళే లోన్ కాగితాలు తీయండి. ఆర్‌బీఐ రూల్స్ ప్రకారం డిజిటల్ లోన్‌కు 'కూలింగ్ ఆఫ్' గడువు, అంటే మనసు మార్చుకునే గడువు ఉంటుంది, ఆలోపు అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా వదిలించుకోవచ్చు. నాకు తెలిసేసరికి అది దాటిపోయింది.

వచ్చే ఆదివారం మా పక్క అపార్ట్‌మెంట్‌లో వాళ్ల డెమో ఉందట. బెండకాయలు కొనే ఉంటారు.